పొద్దున్నే వచ్చే చప్పుడు

మొన్న కారుని సర్వీసింగుకిస్తే షెడ్డులో మెకానిక్ కంప్యూటరు తెర మీంచి తల ఎత్తకుండానే "ఆంటీ, మేనిఫోల్డ్ గాస్కెట్ గయా" అన్నాడు, పాలు విరిగాయని చెప్పినంత తేలిగ్గా. అది పోయిందట, మధ్యాహ్నానికల్లా మార్చి ఇచ్చేస్తాడట. నేను అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడిపోయాను. షుగరు పడిపోయిందనుకున్నాడు కాబోలు, పాపం, నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఒకప్పుడు మా ఇంట్లో పొద్దున్న లేస్తే అదే మాట.

జార్ఖండ్ వేరే రాష్ట్రమైన కొత్తలో సంగతి. అక్కడి ఉక్కు కార్ఖానా ఊళ్ళో, సిద్ధగోరా పేటలో, అక్కాబావల దగ్గర ఉండి నేను ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. బావ కార్ఖానాలో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఇంట్లో ఏది చెడినా అసలు కారణం తేలేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఓసారి మిక్సీ ఆగిపోతే, ఆయన దాన్ని విప్పి పరిశోధన చేసినన్నాళ్ళూ మేం రోట్లోనే పచ్చళ్ళు నూరుకున్నాం. పైగా ఒకేసారి రెండు మార్చకూడదట. మారిస్తే తప్పు దేన్లో ఉందో తేలదట. ప్లాంటులో ఆయన నేర్చుకున్న నీతి అది. ఆ నీతి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

బావ అప్పుడే సెకండ్ హ్యాండు కారు కొన్నాడు, అయినా ఇంజెక్షన్ ఇంజనున్న కొత్త రకం బండే. రోజూ అక్కని సాక్చీలో ఆమె పాఠాలు చెప్పే బడి దగ్గర దింపి డ్యూటీకి వెళ్ళేవాడు. ఆ ఏడు వానాకాలంలో, పొద్దున్నే స్టార్టు చేయగానే బానెట్ కింద టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. లోపలంతా పొగ వాసన. ఆ రోజుల్లోనే అక్కకి తలనొప్పి, వాంతులు కూడా మొదలయ్యాయి. డాక్టరు చూసి, కలకత్తా వెళ్ళి తలకి స్కానింగు తీయించమని రాసిచ్చాడు.

బావ ఆ రాత ఒకసారి చదివి, వెళ్ళి బానెట్ ఎత్తాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. "సూడవే, సప్పుడూ పొద్దున్నే, తలనొప్పీ పొద్దున్నే. సాయంత్రానికి రెండూ తగ్గిపోతన్నాయి. ఇంకేటి కావాల?" అన్నాడు అక్కతో. ఇంజను నుంచి వేడిపొగని సైలెన్సర్ వైపు మళ్ళించే గొట్టాల గుత్తి మేనిఫోల్డు. అది ఇంజనుకి అతుక్కునే చోట సందు లేకుండా నడుమ పెట్టే పల్చటి రేకు గాస్కెట్టు. అది కాలి చిరిగితే పొగ బయటికి తన్నుతుంది, కారులోకీ వస్తుంది. అక్క తలనొప్పికి ఆ పొగే కారణమట. ఇనుము చల్లగా ఉన్నప్పుడు సందు పెద్దది, వేడెక్కి ఉబ్బాక మూసుకుపోతుంది. అందుకే చప్పుడు పొద్దున్నే. అంతా భోజనాల బల్ల మీద పళ్ళేలు పేర్చి మరీ చూపించాడు. ఖర్మేమిటంటే, బండి గురించి చెప్పిందంతా నిజమే.

"కొన్నాళ్ళు అక్కని ఆటోలో పంపి చూడు బావా" అన్నాన్నేను. "ఆటో పొగ దీనికి తాతే! ముందు గాస్కెట్టు మార్చనీ. అప్పటికీ తగ్గకపోతే కలకత్తా ఎల్దాం" అన్నాడు.

సాక్చీ దుకాణంలో తెప్పించమని చెప్పిన గాస్కెట్టు వచ్చేసరికి విశ్వకర్మ పూజ వచ్చిపడింది. ఆ రోజు ఈ ఊళ్ళో ఎవ్వరూ పనిముట్టు ఎత్తరు. "ఆజ్ నహీ సాబ్, ఆజ్ ఔజార్ నహీ ఛూతే" అని మెకానిక్కులు దండం పెట్టేశారు. బావ కూడా ముట్టలేదు. ఆయన పానాలన్నీ అక్కే కడిగి, కుంకుమ బొట్లు పెట్టి, పీట మీద పేర్చింది. ఆదివారం దాకా పని ఆగింది.

ఆదివారం పొద్దున్నే మొదలెట్టాడు. తుప్పు పట్టిన నట్లకి ముందే నూనె పట్టించి ఉంచాడు. అయినా ఒక్కొక్కటి ఊడిరావడానికి ఆయన వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. పాత రేకు ముక్కలు గీకి, అంచుబద్ద ఆనించి చదును చూసి, కొత్త గాస్కెట్టు అమర్చాడు. బోల్టులు మధ్యనుంచి అంచులకి, తడవకి కొంచెం చొప్పున బిగించాడు. తాళం తిప్పితే ఇంజను ఎంత మెత్తగా పలికిందో! అద్దాలన్నీ మూసి మమ్మల్ని డిమ్నా చెరువు దాకా తిప్పాడు.

"వాసనొత్తందా?"

"నేదండీ."

"తలనొప్పి?"

"అబ్బే, తగ్గిపోనాదండీ" అని అక్క నవ్వింది. బావ నడిరోడ్డు మీద ఊరికే హారను కొట్టాడు. వస్తూ వస్తూ జిలేబీ కొన్నాం. కలకత్తా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ వారాల్లో బావ స్నానాల గదిలో పాటలు కూడా పాడేవాడు, వినలేక చచ్చేవాళ్ళం.

దసరా వెళ్ళాక అక్క వంటింట్లో పడిపోయింది. అప్పుడు పరుగెత్తాం కలకత్తాకి. తలలో గడ్డ. గాస్కెట్టు మార్చాక గడిచిన ఆ నాలుగు వారాలూ వృథా చేశామా అని బావ అడిగితే, డాక్టరు స్కానింగు ఫిల్ము వెనకాల దీపం ఆర్పేశాడు. వార్డులో అక్క నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది: "ఆ రోజు కూడా తగ్గనేదే. తల పగిలిపోతన్నాది. సేతులన్నీ సెక్కుకుపోయి, అంత ఆశగా అడుగుతంటే ఏటని సెప్పీది? మీ బావకి తెలీనియ్యకు." తెలీనివ్వలేదు. అక్క ఆ చలికాలం దాటలేదు.

గాస్కెట్టు పని చేసిందనీ, అక్కకి నిజంగానే కొన్నాళ్ళు నెమ్మదించిందనీ నమ్ముతూనే బావ కూడా వెళ్ళిపోయాడు. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు. అక్కని బతికించుకోవడానికి మాకు మిగిలిన రోజులూ అవే. వాటిని తలుచుకుని మురిసిపోవాలో గుండెలు బాదుకోవాలో, ఇంత కాలం గడిచినా నాకు తెలియలేదు.