బావ కాలూ, వంటగది నేలా

మా బావ నేలమీద పలకలు పరిచే మేస్త్రి. అందరూ రసమట్టం మేస్త్రి అంటారు. రసమట్టం గాజుగొట్టంలో బుడగ సరిగ్గా మధ్యకి వచ్చేదాకా ఆయన పలక వదలడు. తేడా వస్తే "పీకెయ్" అంటాడు తప్ప, "పోనీలే" అనే మాట ఆయన నోట నేను వినలేదు. పదేళ్లుగా ఆయన కిందే పని చేస్తున్నాను, నా చెవులే సాక్ష్యం.

ముప్ఫై ఏళ్లు గొంతుక్కూర్చుని కూర్చుని ఆయన కుడి చీలమండ అరిగిపోయింది. డాక్టర్లు అది తీసేసి లోహపు కీలు పెట్టారు. నొప్పి పోయింది, కొన్ని నెలలకి చేతికర్రా పోయింది, నిలకడ మాత్రం రాలేదు. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒకటే షరతు పెట్టింది. ఆ ఒక్క కాలిమీద పది సెకన్లు నిలబడాలి, అప్పటిదాకా పనిలోకి వెళ్లకూడదు.

బావ నాలుగు దగ్గరే ఊగిపోయాడు.

"మీ నేల వాలుగా ఉందమ్మా" అన్నాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మర్నాడు సంచిలో రసమట్టం తెచ్చి ఆ వ్యాయామం గది నేలమీద పెట్టాడు. ఖర్మకాలి బుడగ నిజంగానే పక్కకి జరిగింది! ఆయన ముఖం చూడాలి అప్పుడు.

"అయితే మీ ఇంట్లోనే నిలబడి చూడండి బాబాయ్" అంది ఆ అమ్మాయి.

ఇంటికొచ్చి వంటగదిలో నిలబడ్డాడు. పెళ్లయిన కొత్తలో ఆయనే పరిచిన నేల అది, ఇంటికొచ్చిన ప్రతివాడూ చూసి మెచ్చుకుంటే తప్ప కాఫీ దొరకదు. అయిదు దగ్గర ఒరిగిపోతుంటే అక్క చొక్కా పట్టుకుని ఆపింది.

"ఇదీ వాలేనా?" అని అడిగింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేలదే తప్పంటే ముప్ఫై ఏళ్ల పేరు పోతుంది, కాలిదే తప్పంటే నిన్నటి వాదన పోతుంది. అసలే తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. చివరికి "కాలే" అన్నాడు మెల్లగా. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. ఆపరేషనప్పుడు కూడా ఆయన అంత బాధపడలేదు.

ఆ రోజు నుంచి వంటగట్టు పక్కనే సాధన. అక్క లెక్కపెట్టేది. ఇంట్లో ఉన్నంతసేపూ తలుపులు వంకర, అలమర వంకర అని ఆయన ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. అందుకే ఆయన పనిలోకి వెళ్లాలని ఆయనకంటే ఆమెకే తొందర.

నెల తర్వాత ఒక ఉదయం ఎడమ కాలు ఎత్తాడు. అక్క ఆరు దాకా నింపాదిగా లెక్కపెట్టింది. చీలమండ వణకడం చూసి ఆమె గొంతు పరుగందుకుంది.

"ఏడెనిమిది తొమ్మిది పది! అయిపోయింది, దించండి!"

నేను చప్పట్లు కొట్టాను. బావ నవ్వలేదు.

"మూడు సెకన్లు మింగేశావు" అన్నాడు.

"మింగాను. పడిపోతారేమోనని భయమేసింది" అంది అక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీ బావా, పది అయినట్టే కదా" అన్నాను. బావ నా వైపు ఉరిమి చూశాడు.

"పడితే పట్టుకోడానికి నువ్వున్నావుగా" అన్నాడు అక్కతో. "గడియారం చూసి లెక్కపెట్టు."

మళ్లీ కాలెత్తాడు. అక్క ఈసారి ఒక్క సెకను కూడా తినలేదు. పది అనబోతుండగా ఆయన ఒరిగి ఆమె భుజం పట్టుకున్నాడు.

"తొమ్మిది" అన్నాడు బావ, ఎవరూ అడక్కుండానే.