పహిల్వాన్ గాయానికి పటిక

సెలూన్ బాబాయి కత్తి ఎంత మెత్తగా దిగేదో, నోరు అంత గరుకు. గడ్డం గీసేటప్పుడు గాటు పడితే పటికముక్క తడిపి అద్దేవాడు. రక్తం ఠక్కున ఆగేది. ఆయనకు తెలిసిన వైద్యమల్లా అదొక్కటే, చివరికి అదే కొంప ముంచింది.

పిల్లల్లేని ఆ ఇంట్లో పహిల్వాన్ అనే గండుపిల్లి కొడుకై కూర్చుంది. దానికి ఐదో నెల రాగానే ఆయన భార్య, అందరికీ పిన్ని, మొదలుపెట్టింది.

"ఇప్పుడే ఆపరేషన్ చేయించేద్దామండీ. వయసుకొస్తే ఊరు పట్టుకు తిరిగి కొట్లాటలు తెస్తుందని పశువుల డాక్టరమ్మ చెప్పింది."

"నా కొడుకుని మగాడు కాకుండా చేయమంటావా? నీ బుద్ధి గడ్డి తిన్నదా?"

కుర్చీలో ఉన్నవాడు సబ్బునురగ మొహంతోనే పకపకా నవ్వాడు. బాబాయికి ఆ నవ్వు చాలు, ఇక భార్య మాట చెవికెక్కుతుందా?

ఏడాది తిరిగేసరికి ఇంటి గోడలన్నీ పిల్లి ఉచ్చకంపు. పహిల్వాన్ చెవి చీలింది, ముక్కు చీరుకుపోయింది. వచ్చిన ప్రతిసారీ బాబాయి దాన్ని ఒళ్లో అదిమిపెట్టి పటిక రాసేవాడు, గడ్డానికొచ్చినవాళ్లకు ఆ కొట్లాటను కుస్తీపోటీలా వర్ణించి చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం పిండిమర నడిపే ఆయన పెంచే బూడిదరంగు గండుపిల్లి తిన్నగా సెలూన్లోకే దూరింది. రెండూ కలబడి అద్దం ముందు బల్ల మీద దొర్లాయి. సీసాలు భళ్లుమన్నాయి, బొచ్చు కుచ్చులుగా లేచింది, అద్దం మీద రక్తం చిమ్మింది. బూడిదది పహిల్వాన్ దవడ కింద కోరలు దింపి వదల్లేదు. బాబాయి తువ్వాలు విసిరాడు, కాలితో తన్నాడు, ఆఖరికి చెయ్యి దూర్చాడు. ఒళ్లు తెలియని కోపంలో పహిల్వాన్ పెంచినవాడి చేతినే ఎముక తగిలేలా కొరికింది.

బూడిదది పారిపోయాక బాబాయి ముందు పహిల్వాన్ దవడకు పటిక గట్టిగా పట్టించాడు. ఆ తర్వాతే పిన్ని ఆయన్ని ఆస్పత్రికి ఈడ్చుకెళ్లగలిగింది.

రెండోసారి కట్టు మార్చేటప్పుడు అక్కడి డాక్టరు అన్నాడు. "పిల్లికాటు సూదిపోటు లాంటిదయ్యా. పైన మూసుకుపోతే లోపల చీము పడుతుంది. అందుకే కుట్లు వెయ్యలేదు."

బాబాయికి తను పటికతో మూసేసిన పహిల్వాన్ దవడ గుర్తొచ్చింది. కట్టు పూర్తికాకుండానే ఇంటికి పరిగెత్తాడు.

పహిల్వాన్ కుర్చీ కింద పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, దవడ బంతిలా ఉబ్బింది. ఎత్తుకుని పశువుల ఆస్పత్రికి పరిగెత్తాడు. డాక్టరమ్మ గాటు పెట్టగానే చీము ఆమె ముంజేతుల దాకా చిమ్మింది.

"అమ్మా, ఆ ఆపరేషన్ కూడా ఇప్పుడే చేసెయ్యండి. ఇంక వద్దనను."

"ఇప్పుడా బాబాయ్? విషం ఒళ్లంతా పాకింది. ముందు ప్రాణం నిలబడనివ్వండి."

నిలబడలేదు. సాయంత్రానికి ఆయన ఒళ్లోనే కాళ్లు తన్నుకుని పోయింది.

మర్నాడు పిండిమర ఆయన సెలూన్ గుమ్మంలో నిలబడి మీసం దువ్వాడు. "మావాడి దెబ్బ చూశావా బాబాయ్? మగాడంటే వాడు."

బాబాయి లాగి చెంప పగలగొట్టాడు. చొక్కా పట్టుకుని గోడకేసి అదిమాడు. "నీ మగాడి ఒంటి నిండా గాట్లేగా. వాడూ నావాడిలా చావాలా? పద."

పిండిబస్తాల వెనక బూడిదపిల్లి కుంటుతూ దొరికింది. తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నాడు. అది ఆయన గుండెల మీద చర్మం చీరేసింది. వెనక పిండిమర ఆయన బూతులు తిడుతూ వస్తున్నాడు. కొడుకుని చంపిన ఆ పిల్లి గొంతు అక్కడే నులిమెయ్యాలని దారి పొడుగునా బాబాయి వేళ్లు తహతహలాడాయి.

డాక్టరమ్మ బల్ల మీద దాన్ని దింపి, లేవకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దీని కాట్లు కడగండమ్మా. గాయం మానగానే ఆ ఆపరేషన్ చేసెయ్యండి. అందాకా నేనే సాకుతాను."

అది మళ్లీ కొరికింది. పట్టు వదలకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.