ఆగ్నేయానికే పలికే రేడియో

రామకోటేశ్వరరావు గారి మారుతి వ్యాను ఆగ్నేయానికి తప్ప మరో దిక్కుకి ముఖం పెట్టి ఆగేది కాదు. ఇంటి ముందైనా, పెట్రోలు బంకులోనైనా, కల్యాణ మండపం దగ్గరైనా ముందు దాని ముక్కు ఆగ్నేయానికి తిరగాలి. తిరక్కపోతే ఆయన బండి దిగేవాడు కాదు. ఎందుకయ్యా అంటే, ఆ బండి మీదున్న శాటిలైట్ రేడియో ఆగ్నేయం చూస్తేనే పలుకుతుందట. మిగతా ఏ దిక్కు చూసినా నోరు మూసుకుంటుందట. ఇది ఆయనొక్కడి పిచ్చే అయితే నాకేం నొప్పి లేదు. కానీ ఆ ఏంటెనా బిగించిన పాపాత్ముణ్ణి నేను.

నా పేరు షబ్బీర్. విజయవాడ ఆటోనగర్‌లో కారు ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. నేను బిగించిన హారను వింటే గేదెలు కూడా పక్కకి జరుగుతాయి. నేను లాగిన వైరు మళ్ళీ ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఇది గొప్ప కాదు, నిజం. అలాంటి నా పరువుని రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన ఆ పెద్దమనిషి ఆరు నెలల్లో కృష్ణా కాలవలో కలిపేశాడు.

రెండువేల నాలుగు ఆగస్టులో ఆయన ఆ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆకాశంలో ఎక్కడో ఉన్న ఉపగ్రహం నుంచి పాటలొస్తాయట. చేతిలో అప్పడమంత నల్ల పలక. అదే ఏంటెనా.

"టాపు మీద వెల్లకిలా పెట్టండి షబ్బీర్ గారూ. చిల్లు మాత్రం పెట్టకండి, మా ఆవిడ ఒప్పుకోదు," అన్నాడు.

చిల్లు పెట్టకుండా డోరు రబ్బరు కింద నుంచి వైరు తెచ్చి, అయస్కాంతం మీద పలక కూర్చోబెట్టి, డాష్‌బోర్డు కింద డబ్బా బిగించాను. బండిని నాలుగు దిక్కులా తిప్పి చూపించాను. నాలుగు వైపులా గంట కొట్టినట్టు పలికింది. ఏంటెనాకి ఆకాశం కనబడితే చాలు, బండి ముఖం ఎటుంటే దానికేం? ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "శభాష్," అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. శభాష్ అన్నాడండీ ఆ నోటితోనే!

సరిగ్గా అప్పుడే మా ఆవిడ నజీమా కేరేజీతో వచ్చింది. వెనకాల మా అమ్మాయి జుబియా, మోకాలికి కట్టుతో కుంటుకుంటూ.

"మళ్ళీ బస్సు ఫుట్‌బోర్డు మీంచి పడింది," అంది నజీమా.

జుబియా కంకిపాడు అవతల ఫార్మసీ కాలేజీలో మొదటి సంవత్సరం. పొద్దున ఎనిమిది గంటల బస్సులో కాలు పెట్టే సందుండదు. ఎక్కితే పడటం, ఎక్కకపోతే మొదటి రెండు క్లాసులు పోవటం. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అప్పటికి దాని హాజరు అరవై దగ్గర కొట్టుకుంటోంది.

"ఇంక చాలు. చదువూ వద్దు, కాళ్ళు విరగ్గొట్టుకోవటమూ వద్దు. రేపటి నుంచి ఇంట్లో కూర్చో," అన్నాను.

"నాన్నా, ఒక్క ఏడాది చూడు నాన్నా!" అని అది ఏడుపు.

పక్క షాపు మాణిక్యం టైర్ల పని ఆపి వచ్చాడు. "ఎందుకు భాయ్ పిల్లనేడిపిస్తావ్? పొద్దున్నే నా ఆటో ఖాళీయేగా. నేను దింపొస్తా."

"వద్దు మాణిక్యం. మా ఇంట్లోవాళ్ళు ఊరికే ఎవరి బండీ ఎక్కరు. మా అబ్బ నాకు నేర్పింది అదొక్కటే," అన్నాను.

"మీ అబ్బ నీకు చాలా నేర్పుంటాడు. నీకు ఎక్కింది అదొక్కటి," అన్నాడు మాణిక్యం. రామకోటేశ్వరరావు గారు మాత్రం ఇదేమీ తనకి పట్టనట్టు రేడియో మీట తిప్పుకుంటూ కూర్చుని, పాట అవగానే వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున దిగాడు మహానుభావుడు. షాపులో నలుగురు కస్టమర్లుండగా, వీధంతా వినిపించేలా, "షబ్బీర్ గారూ! మీ ఏంటెనా ఆగ్నేయానికే పలుకుతోందండీ!" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. "అదేం మాటండీ? మొన్న నాలుగు దిక్కులా చూపించానుగా?"

"మొన్న పలికింది. ఇవాళ పలకట్లేదు. మీరే చూడండి."

ఆయన సీట్లో కూర్చుని బండి తిప్పాడు. పడమర: చడీచప్పుడు లేదు. ఉత్తరం: నిశ్శబ్దం. ఆగ్నేయానికి తిప్పగానే సన్నాయి ఎత్తుకుంది! నేను ఏంటెనా వైరు మార్చాను. జాకు మార్చాను. పలక తీసి కడిగి పెట్టాను. మధ్యాహ్నం దాకా తంటాలు పడితే తల ప్రాణం తోకకొచ్చింది గానీ ఆ రేడియో పంతం వదల్లేదు.

"ఇది నిలబెట్టి చూస్తే తేలేది కాదండీ," అన్నాడాయన తాపీగా. "నడిచే బండిలో కూర్చుని, ఎక్కడ పోతోంది, ఎక్కడ వస్తోంది అని రోజూ రాసుకోవాలి. బందరు రోడ్డు సరిగ్గా ఆగ్నేయానికే పోతుంది. పొద్దున ఎనిమిదికి బయల్దేరి కంకిపాడు దాకా వెళ్ళొద్దాం. మీరు గ్యారంటీ ఇచ్చారుగా?"

"ఇచ్చాను. అయితే షాపు మూసుకుని మీతో షికార్లు తిరగమంటారా?"

"మీరే అక్కర్లేదు. పని తెలిసిన మనిషిని ఎవర్నైనా పంపండి."

టైరు గాలి కొడుతున్న మాణిక్యం తలెత్తకుండానే అన్నాడు: "జుబియాకి సోల్డరింగ్ వచ్చుగా."

గ్యారంటీ అంటే మాట. మాట తప్పితే షాపుకి తాళం వేసుకోవాలి. "సరే, మా అమ్మాయి వస్తుంది. కానీ ఒక్క సంగతి, అది మీ బండెక్కి కాలేజీకి పోతున్నట్టు కాదు. నా షాపు తరఫున డ్యూటీ మీద వస్తోంది. కంకిపాడులో డ్యూటీ దిగి, దాని దారిన అది కాలేజీకి పోతుంది," అని అందరి ముందూ ఖరాఖండీగా చెప్పాను.

"అంతేనండీ, అంతే. డ్యూటీయే," అన్నాడాయన. ఆయన భార్య పద్మావతమ్మ గారు కూడా కంకిపాడులో కూరగాయలు నవనవలాడుతూ ఉంటాయని సంచీ పట్టుకుని వెనక సీట్లో కూర్చునేది. సాయంత్రం బస్సులు ఖాళీగానే ఉంటాయి కాబట్టి జుబియా వాటిలోనే తిరిగొచ్చేది.

"తప్పు దొరికిందా?" అని రోజూ అడిగేవాణ్ణి.

"ఇంకా లేదు నాన్నా. పోరంకి దగ్గర కొంచెం గరగరలాడింది," అని నోటు పుస్తకం చూపించేది. అందులో ఒక పేజీలో సిగ్నల్ అంకెలుంటే పది పేజీల్లో మందుల పేర్లు. డ్యూటీలో చదువుకుంటావా అని ఒక దెబ్బ కూడా వేశాను.

ఇక ఆయన ఆగడాలు చూడండి. ఇంటి ముందు బండిని ఆగ్నేయానికి పెట్టాలంటే గేటుకి అడ్డంగా పెట్టాలి. గేటు మూతపడదు. గుణదలలో ఉన్న మేకలన్నీ పద్మావతమ్మ గారి కరివేపాకు తిని బలిశాయి. "ఈయన రేడియో వింటుంటే మేకలు నా మొక్కలు నములుతున్నాయి షబ్బీర్ గారూ," అని ఆవిడ నాకే చెప్పుకునేది.

ఒకసారి మంగళగిరిలో చీరలు కొనాలని ఆవిడ ముచ్చటపడింది. మంగళగిరి నైరుతికి కదా, రేడియో పలకదు. ఏం చేశాడో తెలుసా? ముందు కంకిపాడు వెళ్ళి, వెళ్ళినంతసేపూ పాటలు విని, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి మంగళగిరి వెళ్ళాడు. వెళ్ళేసరికి కొట్టువాడు భోజనానికి షట్టరు దించేశాడు. ఇలాంటివాడి చేతికి సిగ్నళ్ళిచ్చి ముప్ఫై ఏళ్ళు రైళ్ళు నడిపారంటే ఆ దేవుడే ప్రయాణికుల్ని కాపాడాడు.

మాణిక్యం చెల్లెలి పెళ్ళిలో మరీ ఘోరం. మండపం గేటు దగ్గర వ్యానుని ఐమూలగా నిలబెట్టాడు. పూల కారులో పెళ్ళికొడుకు బయటే ఇరుక్కుపోయాడు.

"సార్, కాస్త బండి తియ్యండి, ముహూర్తం దాటిపోతోంది!" అని నేనే మొత్తుకున్నాను.

"తీస్తే పాట పోతుందండీ. చరణంలో ఉంది."

"పెళ్ళికొడుకు రోడ్డు మీదున్నాడు సార్!"

"ఆయన్ని రెండడుగులు నడవమనండి. కాపురంలో ఎటూ నడవాల్సిందేగా."

పెళ్ళికొడుకు నడిచొచ్చాడు. పెళ్ళివారంతా, "ఎవరయ్యా ఆ ఏంటెనా బిగించింది?" అని అడిగితే, ఆ పెద్దమనిషి పాట ఆపి మరీ నా వైపు వేలు చూపించాడు. నాకు బూరె కూడా గొంతు దిగలేదు.

తర్వాత నా వ్యాపారం వాస్తు శాస్త్రమైపోయింది. ఉయ్యూరు నుంచి సంజీవరావు అని ఒక రైసుమిల్లాయన కొత్త కారు తెచ్చి, "మీరు బిగిస్తే ఒక్క దిక్కుకే పలుకుతుందటగా? నాకు ఆగ్నేయం అచ్చిరాదండీ, అగ్ని మూల. ఈశాన్యానికి పలికేలా బిగించండి," అన్నాడు.

"సార్, నేను బిగిస్తే అన్ని దిక్కులా పలుకుతుంది."

"అన్ని దిక్కులా వద్దండీ. ఈశాన్యం ఒక్కటి చాలు," అని, నేను ఒప్పుకోలేదని పక్క వీధికి పోయాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జనం. ఆటోనగర్ మొత్తం నన్ను ఆగ్నేయం షబ్బీర్ అనటం మొదలెట్టింది. ఇరవై ఏళ్ళ పేరు, ఒక ముసలాయన ముక్కు తిప్పుడికి ఆవిరైపోయింది. ఆయన్ని తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున సెల్ఫ్ మోటారు ఒకటి తేవటానికి బస్సులో కంకిపాడు వెళ్తున్నాను. పోరంకిలో బస్సాగింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల టీ బంకు ముందు మన వ్యాను! కంకిపాడు నుంచి బెజవాడ వైపు తిరిగొస్తూ ఆగింది. అంటే ముఖం శుద్ధ వాయవ్యం. రేడియో ఏమో బందరు దాకా వినిపించేలా మోగుతోంది! ఆయన స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. వెనక సీట్లో పద్మావతమ్మ గారు టీలో బన్ను ముంచుకుంటూ తలూపుతోంది.

బస్సులోంచి దూకాను. మా జుబియా కంటే ఘోరంగా దూకాను. రోడ్డు దాటి వెళ్ళి కిటికీ పట్టుకున్నాను.

"దొరికారు సార్! ఇది ఏ దిక్కు?"

ఆయన చెయ్యి గబుక్కున సీటు కిందికి పోయింది. రేడియో టక్కున ఆగిపోయింది. నేను తలుపు లాగి సీటు కింద చెయ్యి పెట్టాను. బటానీ గింజంత స్విచ్చి. నేను లాగిన స్పీకరు వైరు మధ్యలో కోసి, ఎంత నాజూగ్గా పెట్టాడో! నేను కూడా అంత బాగా పెట్టలేను.

"ఆర్నెల్లు!" అని అరిచాను. "ఆర్నెల్ల నుంచి నా పరువు రోడ్డున పడేస్తారా? పెద్దమనిషేనా మీరు? నా పనిలో తప్పేముంది?"

"మీ పనిలో ఏ తప్పూ లేదు షబ్బీర్ గారూ. మీలోనే ఉంది," అన్నాడాయన.

"నాలో ఏముంది?"

"ఊరికే ఎవరి బండీ ఎక్కం అన్నారు కదా. అందుకని డ్యూటీ వేశాను."

పద్మావతమ్మ గారు బన్ను పక్కన పెట్టింది. "మాకు కంకిపాడులో ఏం పనుందండీ? కూరగాయలు మా వీధిలోకే వస్తాయి. పిల్ల ఆ రోజు మీ షాపులో ఏడ్చిందని ఈయన రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి ఆ స్విచ్చి పెట్టుకున్నారు."

"మరి గేటు? ఆ పెళ్ళి? మంగళగిరి?"

"అబద్ధమాడితే అంతటా ఒకేలా ఆడాలండీ," అన్నాడాయన, రైల్వే రూలు చెప్పినట్టు. "ఒక్క చోట పలికిందని మీకు తెలిస్తే రిపేరైపోయిందంటారు. పిల్ల మళ్ళీ ఫుట్‌బోర్డు మీదికి పోతుంది. హాజరు నిన్నటికి ఎనభై ఒకటి."

ఎనభై ఒకటి! ఇంట్లో నేను తప్పు దొరికిందా అని అడిగానే గానీ హాజరెంత అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. సిగ్గేసింది. ఆయన మీద కోపం మాత్రం అలాగే ఉంది, అది వేరే సంగతి. జుబియాకి ఇంకా మూడేళ్ళ చదువుంది.

"మాణిక్యానికి తెలుసా?" అన్నాను.

"టైర్లకి గాలి ఊరికే కొడుతున్నాడనుకున్నారా?"

"జుబియాకి?"

"ఆ పిల్ల తెలివైందండీ. మొదటి రోజే స్విచ్చి చూసింది. సోల్డరింగ్ బాగాలేదని మళ్ళీ చేసింది."

మర్నాడు పొద్దున ఎనిమిదికి వ్యాను షాపు ముందు ఆగింది, యథాప్రకారం ఆగ్నేయానికి. జుబియా నోటు పుస్తకంతో ఎక్కి కూర్చుంది. షాపులో అయిదారుగురు కస్టమర్లున్నారు. ఆయన దిగకుండా, బెదురు చూపుతో నా వైపు చూశాడు. నేను చేతులు తుడుచుకుని బయటికొచ్చి, వీధంతా వినిపించేలా చెప్పాను.

"రామకోటేశ్వరరావు గారూ, రాత్రంతా ఆలోచించానండీ. తప్పు నాదే. ఆ ఏంటెనా ఆగ్నేయానికి తప్ప పలకదు."

కస్టమర్లు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. మాణిక్యం చేతిలోంచి గాలి గొట్టం జారిపోయింది.

"బాగుచెయ్యటానికి ఎన్నాళ్ళు పడుతుందంటారు?" అన్నాడాయన, నవ్వాపుకుంటూ.

"చాలా మొండి రోగమండీ. ఎంత లేదన్నా ఇంకో మూడేళ్ళు. అప్పటిదాకా మా మనిషి రోజూ డ్యూటీకి వస్తుంది, ఏమనుకోకండి."