బస్సు ఆపమంటే సన్మానమనుకున్నరు

అప్పట్ల నా రాతకు తిరుగులేదని నాకు గట్టి నమ్మకం. (వేరేటోళ్లకు ఆ నమ్మకం ఉన్నదో లేదో నేనెన్నడు అడగలే.) అందరికీ అర్థమయ్యేటట్టు రాస్తే ఇగ చదువుకున్న ఫాయిదా ఏందని నా లెక్క. చొప్పదండి అవతల మా ఊరి నుంచి మేం నలుగురం ఆడపిల్లలం కరీంనగర్ల డిగ్రీ చదివేటోళ్లం. పొద్దటి బస్సు మా స్టేజీ కాడ ఎంత చెయ్యెత్తినా ఆగకుండ, మా మీద దుమ్ము పోసి పోయేది. "రోజు గా రోడ్డు మీద నిలబడుడేంది? బస్సు ఆగకుంటే చదువు బందు" అన్నడు మా బాపు. తక్కిన ముగ్గురి ఇండ్లల్ల కూడ అదే మాట. "డిపోల దరఖాస్తు ఇద్దాం. నువ్వు రాయవే, నీ రాతకు బస్సేంది, రైలే ఆగుతది" అన్నది మా నలుగుర్ల ఒకతి, నా దోస్తు పొట్టి. ఇంకేం కావాలె నాకు?

"సకల సద్గుణ సంపన్నులు, ప్రయాణిక లోక కల్పవృక్షములు" అని ఎత్తుకున్న. బస్సు చక్రాన్ని కాలచక్రంతోని పోల్చిన. పొగిడి పొగిడి, ఆఖర్ల మా ఊరి పేరు రాసి సంతకాలు పెట్టించి, పొట్టిని తోలుకొని డిపోకు పోయిన. డిపో మేనేజరు కళ్లద్దాలు ముక్కు కొసకు జరుపుకొని మొత్తం చదివి, ముసిముసి నవ్వులు నవ్విండు. "శాన సంతోషం బిడ్డా. ఇంతకు సన్మానం ఎప్పుడు?" అన్నడు. పొట్టి పక్కున నవ్వింది. "సన్మానం కాదు సార్, మా ఊరి కాడ బస్సు ఆగాలె" అన్న. "గా ముచ్చట ఇందుల ఏడున్నది?" అని కాగితం నా దిక్కు తిప్పిండు. నేనూ దేవులాడిన. నాకూ దొరకలే.

అయినా నేను తగ్గలే. కాగితం బోర్లేసి, ఆయన బల్ల మీదనే మళ్ల రాసిన. "పొద్దటి బస్సు మా స్టేజీ కాడ ఆగుతలేదు. అందుకే మా చదువులు బందు పెడతమంటున్నరు. ఒక్కసారి మీరు ఆ బస్సుల కూర్చొని చూడుండ్రి." ఈసారి ఆయన నవ్వలే. "నన్నే రమ్మంటున్నవా?" "అవును సార్. చూస్తే మీరే ఆపుతరు."

తెల్లారి బస్సు ఎప్పటిలెక్కనే మమ్ములను దాటిపోయింది. కొంచెం దూరం పోయినంక వెనక కిటికీల నుంచి మేనేజరు తలకాయ బయటికొచ్చింది. "ఆపురా, ఆపు!" అని ఆయన మొత్తుకుంటే డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డడు. మేం చున్నీలు ఎగదోసుకుంట ఉరికినం. ఆ దినం నుంచి బస్సు ఆగకుండ పోలే. నలుగురం డిగ్రీ పాసైనం.

ఇప్పుడు ఎవరన్నా ఏదన్నా రాసి తెస్తే, "ముందుగాల ఏం కావాలెనో చెప్పు, తర్వాత ఎందుకో చెప్పు" అని సగం కొట్టేస్త. నా రాత కూడ సాఫుగ, సూటిగ అయింది, చదివినోళ్లు కాదనరు. కాని కల్పవృక్షం అనే మాట తోచినప్పుడు మురిసిపోయి, ఇంట్ల వాళ్లందరినీ నిలబెట్టి చదివి వినిపించిన ఆ పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. అంత సంబరంగ మళ్ల నేనేదీ రాయలే.