ఆపా నేర్పిన పనా

మొన్న శుక్రవారం పొద్దున మా పక్కింటి ఆపా పోయింది. నేను పళ్ళు తోముకుంటూ ఉంటే ఆమె కొడుకు గోడ మీదుగా చూసి, "మామా, అమ్మి ఇగ లేదు" అన్నాడు. వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. వాడే మళ్ళీ, "నమాజుకు లేపుదామని పోయిన. లేస్తలేదు" అన్నాడు.

నాకు రాయడం పెద్దగా రాదు. మా పల్లె బడిలో నాలుగో తరగతి దాకా చదివి, వడ్రంగం పట్టుకుని మెదక్ వచ్చినవాణ్ణి. మాట్లాడటం అంతకంటే రాదు. కానీ ఆపా గురించి ఊళ్ళో ఒక కథ నడుస్తోంది. అందులో నన్ను పెద్దవాణ్ణి చేశారు. అది సరి కాదు. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

ఆపా అంటే అక్క. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. మేము ఆమె ఉండే సందులోకి కిరాయికి వచ్చేసరికి ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. భర్త కచేరీలో గుమాస్తా. నేను వాకిట్లో కొయ్య చెక్కుతుంటే, మధ్యాహ్నం పని తీరాక ఆమె మా అరుగు మీద కూర్చుని మా అమ్మకూ నా భార్యకూ వాళ్ళ మతం మొదలైన రోజుల కథలు చెప్పేది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పేది. కథ కష్టంలోకి పోతే చేయి ఆగిపోయేది.

మక్కాలో వాళ్ళు మొదట గుప్పెడు మందే. బీదలు, బానిసలు, ఆడవాళ్ళు. ఒకాయనను ఎండలో పడుకోబెట్టి రొమ్ము మీద బండ పెట్టినా, దేవుడొక్కడే అన్న మాట విడవలేదు. తర్వాత ఊరంతా కలిసి వాళ్ళను ఒక కొండసందులోకి నెట్టి వెలివేసింది. గింజ అమ్మొద్దు, పిల్లనివ్వొద్దు. ఆకులు తిని బతికారు. వాళ్ళ మతంలో లేని చుట్టం ఒకాయన మనసు ఆగక, ఒంటె మీద ధాన్యం వేసి, దాన్ని ఒక్కటి చరిచి ఆ సందులోకి తోలేవాడట.

"వెలి మనుషులకు. ఒంటెకు లేకుండె" అని ఆపా నవ్వేది.

కొందరు పడవెక్కి సముద్రం అవతలి హబషా దేశం, అదే అబిసీనియా, పోతే, పట్టివ్వమని మక్కావాళ్ళు అడిగినా అక్కడి కిరస్తానీ రాజు ఇవ్వలేదట. నా భార్య చర్చి గోపురం వైపు చూసి, "గీ చర్చి కట్టిచ్చినాయనేనా ఆపా?" అంది.

ఆపా చాట పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. "గాయిన పోయి ఎన్నొందల ఏండ్లాయెనే పిల్లా!"

ఆనాటి నుంచి మా ఇంట్లో ఆయన పేరు చర్చి రాజు.

నన్ను బాగా పట్టుకున్న కథ వేరే. ప్రవక్త పక్క ఊరికి పోతే రాళ్ళతో కొట్టి తరిమారు. సొంత ఊళ్ళో మళ్ళీ అడుగు పెట్టాలంటే ఎవరో ఒకరు అండ ఇవ్వాలి. ఒక పెద్దమనిషి, ఆ మతం పుచ్చుకోనివాడే, కొడుకులకు ఆయుధాలిచ్చి వెంటబెట్టుకుని కాబా దగ్గర నిలబడి, ఈయన నా అండలో ఉన్నాడని అందరికీ వినబడేటట్టు అన్నాడట. ఎవరూ చేయి వేయలేదు.

"గట్ల అండ ఇచ్చుడునే పనా అంటం" అంది ఆపా.

"ఉత్త మాటకే ఆగిండ్రా?" అన్నాను. ఆమెతో నేను నోరు విప్పడం అదే మొదలు.

"లోపట లోపట అనుకుంటే ఆగరు తమ్మీ. నలుగుర్ల నిలబడి గట్టిగ అనాలె."

అవి రజాకార్ల రోజులు. పల్లెల నుంచి ఇళ్ళు కాల్చిన కబుర్లు వచ్చేవి. నిజాం మీద లేచిన సంఘంలో కలిశారని మనుషులను పట్టుకుపోయేవారు. మా సందు పిల్లవాడే ఒకడు రజాకార్లలో చేరి తుపాకి వేసుకుని తిరుగుతుంటే ఆపా నడిబజారులో ఆపింది. "బలం తక్కువున్ననాడు మనోళ్ళు పడ్డది యాదికుంటే, ఎక్కువున్ననాడు ఒకరి ఇంటిమీదికి పోవురా. నీకు మీ అమ్మ చెప్పలేదా?" వాడు తల దించుకున్నాడు. తుపాకి మాత్రం దించలేదు.

తర్వాత నిజాం మీదికి ఇండియా పటాలం వచ్చింది. తుపాకులవాళ్ళు ముందే జారుకున్నారు, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు దొరికారు. ఆపా భర్తను విచారణకని తీసుకుపోయారు. మూడోనాడు మధ్యాహ్నం కర్రలు పట్టుకుని ఒక గుంపు మా సందులోకి వచ్చింది. అందులో తమ ఇళ్ళు కాలినవాళ్ళూ ఉన్నారు. ఆపా పిల్లలతో లోపల గొళ్ళెం పెట్టుకుంది. ఆ తలుపు నేను చేసిందే. ఎన్ని దెబ్బలకు ఆగుతుందో నాకు తెలుసు.

పోయి ఆ తలుపు ముందర నిలబడ్డాను. నోటికి వచ్చింది ఆపా మాటే.

"గీ ఇల్లు నా పనాల ఉన్నది!"

సలాం అన్న మాటకే మనుషులు దెబ్బలు తింటున్న రోజులవి.

"ఏమంటుండురా వీడు?"

"పానా అంటుండు."

"వడ్లోనికి బోల్టులిప్పే పానా ఎందుకురా? చేతిల బాడిసె ఉన్నదిగద!"

ఎవరో నవ్వారు. అప్పుడు చూసుకున్నాను. పనిలోంచి లేచి వస్తూ కొయ్య చెక్కే బాడిసె కింద పెట్టడం మరిచిపోయాను. నవ్వనివాడొకడు ముందుకొచ్చాడు. "తురక మాట మాట్లాడుతున్నవ్. నువ్వు గూడ గాళ్ళోనివేనా?"

మా అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. "లోపలున్నది నా బిడ్డ. వీడు దాని తమ్ముడు. ఇంకేం గావాలె నీకు?"

హవేలిఘనపూర్ రైతు ఒకాయన, నాతో బండిచక్రం చేయించుకున్నవాడు, వెనక నుంచి, "మన వడ్లాయననే. పోదాం పాండ్రి" అన్నాడు. గుంపు మళ్ళింది. పక్క సందులో ఎవరూ అడ్డం నిలబడలేదు. అక్కడ జరిగింది నేను రాయలేను.

ఆపా తలుపు తీసింది. "కాబా కాడ వాళ్ళు కత్తులతోని నిలబడ్డరు తమ్మీ. నువ్వు బాడిసెతోని" అంది. అని, మా అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

కొన్ని నెలలకు భర్త తిరిగొచ్చాడు. చుట్టాలు హైదరాబాద్ పోదాం, అక్కడి నుంచి ఇంకా దూరం పోదాం అన్నారు. ఆపా కదల్లేదు. మక్కా వదిలి మదీనా చేరినవాళ్ళకు ఒక్కొక్కరికి ఆ ఊరి మనిషినొకణ్ణి అన్నదమ్మునిగా జోడించారట. ఆ కథ వాళ్ళకు చెప్పి, "నాకు ఊరు దాటకముందే దొరికిండు. ఇగ యాడికి పోవాలె?" అంది.

నేను ఆపాను కాపాడానని ఊళ్ళో అంటారు. నేను చేసింది ఒక మాట అనడమే. ఆ మాట కూడా ఆమెదే. ఆనాడు నోరు తెరవకపోతే తర్వాతి బతుకంతా ఆ తలుపు వైపు చూడలేకపోయేవాణ్ణి. నన్ను అందులోంచి తప్పించింది ఆమె.

శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత తీసుకుపోవాలని ఆమెకు స్నానం చేయించి తెల్లబట్ట చుట్టారు. ఆడమనిషి ముఖం కడసారి కొడుకులకూ తోడబుట్టినవాళ్ళకూ చూపుతారు. పరాయి మగవాళ్ళు బయటే ఉంటారు. నేను చెప్పుల దగ్గర నిలబడ్డాను. తూప్రాన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు గడప దగ్గర, "అందరు చూసిండ్రా? ఇగ బట్ట కట్టాల్నా?" అని అడిగాడు.

"ఠైరో, ఆగుండ్రి. మా మామ చూడలె" అంటూ కొడుకు బయటికి వచ్చాడు.

పెద్దాయన నా ధోవతి చూశాడు, నుదుటి బొట్టు చూశాడు. గడప వదిలి పక్కకు జరిగాడు.

లోపల కర్పూరం వాసన. ముఖం మీది బట్ట తీశారు. కనుబొమ్మ మీద స్నానపు నీళ్ళ చుక్క ఒకటి ఇంకా ఆరలేదు. ఆమె మనవరాలు వంగి, ఓణీ అంచుతో దాన్ని మెల్లగా అద్దింది.