బోలుగా మోగిన చోటు

శుక్రవారం ఉదయం కస్పార్ మోత్తా ఐదు రూపాయల బిళ్ళతో పడవ పొట్టను మూడు వందలకు పైగా చోట్ల తట్టాడు. అంతా గట్టిగానే ఉందన్నాడు. వంటింటి గుమ్మంలో చేపలు తోముతున్న అతని భార్య ఇన్నాసి మాత్రం ఒక్క చోట లేదంది.

"ముక్కు దగ్గర, ఎడమ పక్క. మళ్ళీ తట్టు."

తట్టాడు. "టక్కుమంటోంది కదే."

"టక్కా? డొబ్బుమంటోంది, బీట వారిన కుండలాగ."

"నీ చేపలేవో నువ్వు తోముకో."

కస్పార్‌కు యాభై ఎనిమిదేళ్ళు. తూత్తుకుడికి దక్షిణాన ఈ తీరంలో ఇరవై ఆరేళ్ళు సముద్రం అడుక్కు దిగి శంఖాలు ఏరాడు. నీటి ఒత్తిడికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం మిగిలింది. దిగడం మానేశాక పాత ఫైబర్ పడవలు బాగుచేసే పని పట్టుకున్నాడు. పెరడే అతని షెడ్డు. తాటాకుల దడి విప్పితే పడవ లోపలికి వస్తుంది, పని అయి వెళ్ళాక మళ్ళీ కడతారు. గ్రైండర్ ఆడే రోజుల్లో గాజు పొడి పడకుండా ఇన్నాసి అన్నం కుండకు రెండు మూతలు పెడుతుంది.

ఈ పడవ పొట్టంతా రెజిన్‌తో ఒకదాని మీద ఒకటి అంటించిన గాజునార పొరలే. లోపల పొరలు విడిపోతే పైకి కనబడదు. తట్టి వినాల్సిందే. ఆ వినే పని చెవులు సరిగా లేని మనిషి చేస్తున్నాడని ఊరంతటికీ తెలుసు. మొహం మీద ఎవరూ అనరు, ఇన్నాసి తప్ప.

పెరట్లో బోర్లించి ఉన్న ఇరవై ఎనిమిది అడుగుల పడవ ఆమె తమ్ముడు లియోన్‌ది. పదిహేడేళ్ళ పాతది. సోమవారం శంఖాలకు వెళ్ళాలి. లియోన్, ఇంకో ఇద్దరు గొట్టాలతో గాలి పీలుస్తూ అడుగున పని చేస్తారు. ఆ గాలి పంపే కంప్రెసర్‌ను కనిపెట్టుకుని కస్పార్ పడవలో ఉంటాడు. పైన పడవకు ఏమైనా అయితే ముందు ఆగేది కిందివాళ్ళ గాలే. పోయిన సీజన్లో పక్క ఊరి పడవ ఒకటి అల దెబ్బకు ముక్కు దగ్గర విచ్చుకుంది. దిగిన ఇద్దరిలో ఒకడే పైకి వచ్చాడు.

ఇన్నాసి చేతులు కడుక్కుని వచ్చింది. మొగుడి వేళ్ళు పట్టుకుని ముక్కు పక్కన ఆనించి, బిళ్ళ తీసుకుని తనే తట్టింది. జానెడు పక్కకు జరిపి మళ్ళీ తట్టింది. గట్టిగా ఉన్న రెండో చోట వేళ్ళకు అదురు తగిలింది, డొల్లగా ఉన్న మొదటి చోట తగల్లేదు. కస్పార్ గ్రైండర్ తీగ విప్పాడు.

రంగు డబ్బాలతో అప్పుడే వచ్చిన లియోన్ వాటిని కింద పడేసి పరిగెత్తాడు.

"అక్కడ వద్దు బావా! అక్కడ అమ్మ మూట ఉంది."

కొత్త పడవ అచ్చులో ఉండగా, ముక్కు మీద చివరి పొర వేసే ముందు, ఆ ఇంటి పెద్దామె మంత్రించిన ఉప్పు చిటికెడు, మాత బొమ్మ ఉన్న రాగి బిళ్ళ ఒకటి గుడ్డలో కట్టి రెజిన్‌లో పెడుతుంది. చెక్క పడవల కాలంలో దీన్ని తొర్ర తొలిచి పెట్టేవాళ్ళు. ఫైబర్ వచ్చాకా మానలేదు. ఈ పడవలో మూట పెట్టిన ఏడాదే లియోన్ తల్లి చనిపోయింది.

"ఏం గుడ్డలో కట్టింది?" అన్నాడు కస్పార్.

"నూలు గుడ్డ. ఎందుకు?"

"రెజిన్ ఆ మూట లోపలికి ఇంకదు. లోపల ఉప్పు. పదిహేడేళ్ళుగా అది నీళ్ళు లాగుతూనే ఉంటుంది."

"అది తీస్తే ఈ పడవ ఒక్కడూ ఎక్కడు. నాతో దిగే సెబాస్టిన్ ఎక్కడు, నేనూ ఎక్కను."

"తీయకపోతే ఎక్కుతావు, దిగుతావు, మళ్ళీ ఎక్కవు," అంది ఇన్నాసి. "అమ్మ ఆ ఉప్పు నువ్వు తిరిగి రావాలని పెట్టింది. ఇంట్లో మనిషి చెప్తే వినని వెధవవు, నీకు ఉప్పు చెప్తుందా?"

లియోన్ ముక్కు మీదికెక్కి అడ్డంగా కూర్చున్నాడు. తూర్పున మబ్బు పట్టి ఉంది. పొట్ట తెరిచాక వాన పడితే తడిసిన పొర మీద రెజిన్ అంటుకోదు. తెరవడమంటూ ఉంటే ఇప్పుడే తెరవాలి. కాసేపటికి మబ్బు కేసి చూసి లియోన్ తనే దిగాడు.

"చెయ్యెత్తి మొక్కి కొయ్యి."

కస్పార్ మొక్కి కోశాడు. రెండో పొర తెగగానే గోధుమ రంగు నీళ్ళు చిమ్మి అతని మోచేతి దాకా పడ్డాయి. పులిసిన కల్లు వాసన వేసింది. గుడ్డ నల్లటి ముద్దయింది, ఉప్పు జాడ లేదు. పచ్చబడ్డ బిళ్ళను లియోన్ లుంగీ అంచుకు తుడిచి జేబులో వేసుకున్నాడు. విడిపోయిన పొరలు ఎక్కడిదాకా ఉన్నాయో కోసుకుంటూ పోతే రెండున్నర జానల వెడల్పు తేలింది. లోపల మిగిలింది ఒక్కటే పొర. కస్పార్ దాన్ని బొటనవేలితో నొక్కాడు. అట్టలాగ లోపలికి పోయింది.

లియోన్ మొహం తిప్పుకున్నాడు. "ఈ రాత్రికి అంటించేద్దాం బావా. ఎలాగైనా సోమవారం..."

"ఉప్పు కరిగి పొరల్లోకి ఇంకింది. అది ఉండగా అంటిస్తే వచ్చే ఏడాది ఇదే."

కడగడం ఇన్నాసి పని అయింది. మంచినీళ్ళు పోసి, రుద్ది, కారిన నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకునేది. ఉప్పగా ఉంటే ఉమ్మి మళ్ళీ పోసేది. శనివారం సాయంత్రానికి ఆరు కడుగులయ్యాయి. వాన మొదలైంది. ముగ్గురూ టార్పాలిన్ కట్టి, పొరలు ఆరడానికి దాని కింద రెండు పెద్ద బల్బులు వెలిగించారు.

ఆదివారం ఈ ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టరు. చర్చిలో పూజ అయ్యాక వచ్చి ఇన్నాసి మళ్ళీ చెంబు అందుకుంది.

"ఆదివారం అక్కా!" అన్నాడు లియోన్.

"అంట్లు కడగనా మరి? నువ్వు తిన్న పళ్ళెం ఎవరు కడిగారు?"

ఎనిమిదో కడుగు నీళ్ళు చప్పగా వచ్చాయి. నమ్మకం లేక మొగుడి నాలుకకూ రాసింది. తమ్ముడినీ పిలిచింది. తొమ్మిదోది ముగ్గురూ రుచి చూశారు.

సోమవారం మిగతా పడవలు వెళ్ళిపోయాయి. ఈ పెరట్లో బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం కస్పార్ రెజిన్ కలుపుతుంటే, వాన చలికి త్వరగా గట్టిపడదని లియోన్ హార్డనర్ ఇంకో మూత వెయ్యమన్నాడు. వద్దన్నా వినక, కస్పార్ అటు తిరిగినప్పుడు తనే వేశాడు. నాలుగు నిమిషాల్లో డబ్బా పొగలు కక్కి రాయైపోయింది. ప్లాస్టిక్ డబ్బా అడుగు కరిగింది. కస్పార్ దాన్ని కర్రతో దడి అవతలికి నెట్టి, కొత్త డబ్బా తెచ్చి, బావమరిదిని ఇంట్లో కూర్చోమన్నాడు. చీకటి పడేలోగా ఐదు పొరలు వేశాడు. ఒక్కో పొర మీదా రోలర్‌తో గాలి బుడగలు నొక్కి తీశాడు. మంగళవారం ఇన్నాసి ఐదు రూపాయల బిళ్ళతో తట్టింది. మొత్తం పొట్ట, మొదటి నుంచి. ఎక్కడా డొబ్బుమనలేదు. కస్పార్ పక్కనే నిలబడ్డాడు కానీ ఏ చోటూ గట్టిగా ఉందని తను అనలేదు.

బుధవారం తెల్లవారుజామున నలుగురు ఎక్కారు. లియోన్ పదకొండు బారల లోతుకు దిగాడు. నీళ్ళు ఊరుతాయేమోనని కస్పార్ పడవ ముక్కు లోపలి గదిలో పొడి గుడ్డ పరిచి గంటకోసారి తీసి చూశాడు. నాలుగుసార్లూ గుడ్డ పొడిగానే ఉంది, తర్వాత చూడలేదు. ఆ రోజు ఒడ్డుకు తెచ్చిన శంఖాలు నూట పన్నెండు.