నల్లులు పట్టని మెత్త

ఈ ప్రయాణానికి కారణం నల్లులు. నవ్వకండి. ఖతర్‌లో అల్ వక్రా దగ్గరి మా లేబర్ క్యాంపు గదులకు నల్లుల మందు కొట్టించారు. నేను డ్యూటీలో ఉండగా, మెస్‌లో వంట చేసే యూసుఫ్ భాయ్ మేలు చేద్దామనుకుని నా మెత్త గలీబును కూడా వేడినీళ్ళలో వేసి, డెటాల్ పోసి ఉతికేశాడు. మాది జగిత్యాల వైపు, దిండును మెత్త అంటాం. ఆ గలీబు మీద తల పెట్టి పడుకున్నది నా భార్య రజిత. పోయిన సెలవు అయిపోయి వచ్చేటప్పుడు దాన్ని ఉతకకుండానే మడిచి తెచ్చుకున్నాను. మా క్యాంపులో ఇలా తెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, పైకి చెప్పరంతే. దాంట్లో ఆమె తలనూనె వాసన ఉండేది. మళ్ళీ సెలవు వచ్చే ఏడాదికి గాని లేదు. ఆ వాసన పోయినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

"మాఫ్ చెయ్ తమ్మీ, నాకేమెరుక? చల్, నల్లులు పట్టని మెత్త చూపిస్త నీకు" అన్నాడు భాయ్. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు దగ్గరి మ్యూజియంలో చైనావాళ్ళ పాత మట్టి దిండు పెట్టారని ఎవరో ఫోన్‌లో చూపించారట. నా కోపం తగ్గలేదు గానీ, సెలవు రోజు గదిలో ఉండి చేసేదేముందని కదిలాను.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక బయలుదేరాం. అల్ వక్రాలో రెడ్ లైన్ మెట్రో ఎక్కి, ముషైరిబ్‌లో గోల్డ్ లైన్‌కు మారి, సూక్ వాకిఫ్‌లో దిగాలి. రానూపోనూ రెండు షవర్మాల ఖరీదు కూడా కాదు. అక్కడి నుంచి నడకే. ఎండకు మాడిపోయాం. లోపల మా ఖతర్ ఐడీలు చూసి టికెట్ అడగకుండానే పంపారు.

అద్దాల పెట్టెలో ఉంది దిండు. తెల్లటి పూత, దాని మీద నల్లరంగుతో వేసిన పెద్ద పువ్వు, నడుమ తల ఆనడానికి కాస్త పల్లం. దాదాపు వెయ్యేళ్ళ కిందటిదనీ, ఎండాకాలం తలకు చల్లగా ఉంటుందని వాడేవారనీ పక్కన రాసి ఉంది. పల్లం దగ్గర మెరుపు అరిగిపోయింది. ఏ ఆడమనిషి తల పెట్టిందో, ఆమె మగడు ఏ దేశం పోయాడో!

"దేఖో, ఎన్నిసార్లు కడిగినా దీనికేం కాదు" అన్నాడు భాయ్.

"దీంట్ల పోనీకి ఏమున్నది భాయ్?" అన్నాను కసిగా.

అతను ఆ పల్లం వంక చూశాడు. "నేనైతే మా బీవీది ఎప్పుడూ తెచ్చుకోలే తమ్మీ. అట్ల తెచ్చుకుంటరని గూడ తెల్వలే" అన్నాడు. దాంతో నా కోపం దిగిపోయింది.

బయట సముద్రం ఒడ్డున కూర్చుని రజితకు వీడియో కాల్ చేసి దిండు ఫొటో చూపించాను. "అయ్యో, గంత గట్టిదాని మీద ఎట్ల పండిండ్రయ్యా?" అని నవ్వింది. గలీబు సంగతి చెప్పాను. నవ్వు ఆపేసింది.

"నువ్వు పండిన గలీబు నేనింకా ఉతకలే. మాసిందని అత్త రోజూ లొల్లి పెడుతది. దాచిపెట్టుకున్న."

"వచ్చే వారం మల్లేశం అన్న దుబాయ్ వస్తుండు గదా, నీదొకటి పంపు" అన్నాను. మల్లేశం మా ఊరివాడే; మా ఊళ్ళో ఖతర్‌ను కూడా దుబాయ్ అనే అంటాం.

"నాది పంపుత. నీది మాత్రం అడగకు" అంది.

తిరుగు మెట్రోలో భాయ్ కూడా ఎవరికో ఫోన్ చేసి, మెల్లగా ఏదో అడుగుతున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. వెయ్యేళ్ళు మిగిలే దిండు నాకెందుకు? ఈ ఏడాది గడిస్తే చాలు.

ఆ దిండు చూడాలనుకునేవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం దాటాకే వెళ్ళండి, అంతకు ముందు మ్యూజియం తెరవరు; ఐడీ మరవకండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు మీ ఆమె గలీబు తెచ్చుకోండి. మీది అక్కడే వదిలి రండి, ఉతకకుండా.